తుపాకి మోతకు పగ్గం: సౌండ్ మోడరేటర్ పుట్టుపూర్వోత్తరాలు

రైఫిల్ పేలినప్పుడు చెవికి ఒకే మోతగా తోచేదానిలో రెండు వేర్వేరు ధ్వనులు కలిసి ఉంటాయి. మందు కాలి పుట్టిన వాయువు విపరీతమైన ఒత్తిడితో గొట్టం మూతి నుండి ఒక్కసారిగా బయటి గాలిలోకి విరజిమ్మడం వల్ల కలిగే పేలుడు మోత మొదటిది కాగా, సెకనుకు సుమారు 340 మీటర్ల ధ్వనివేగాన్ని మించి దూసుకుపోయే గుండు తన దారి పొడవునా గాలిని చీలుస్తూ పుట్టించే పదునైన చప్పుడు రెండవది. గొట్టం చివర మరలతో బిగించబడి, ఆ వాయువును లోపలి గదులలో కొంతసేపు నిలిపి, వ్యాకోచింపజేసి, చల్లబరచి, మెల్లగా బయటకు వదిలే లోహపు తొడుగే సౌండ్ మోడరేటర్. అమెరికన్లు సైలెన్సర్ అని పిలిచే ఈ ఉపకరణం మొదటి ధ్వనిని మాత్రమే అణచగలదు గాని, గుండు గాలిలో చేసే చప్పుడు జోలికి పోలేదు. వేట రైఫిల్ మోత మూతి దగ్గర 160 డెసిబెల్‌ల వరకు, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. మంచి మోడరేటర్ అందులో 20 నుండి 30 డెసిబెల్‌ల వరకు తగ్గించి, చెవికి తక్షణ హాని కలిగించే హద్దుగా పరిగణించే 140 దరిదాపులకు తీసుకురాగలదు. సినిమాలలో హంతకుడి తుపాకి చేసే ‘తుస్సు’మనే శబ్దం వట్టి కల్పన.

ఈ ఉపకరణానికి వ్యాపార రూపం ఇచ్చినవాడు హైరం పెర్సీ మాక్సిం. వలస రాజ్యాల యుద్ధాలలో వేలమందిని బలిగొన్న మాక్సిం మెషిన్‌గన్‌ను 1884లో రూపొందించిన హైరం స్టీవెన్స్ మాక్సింకు ఇతడు కుమారుడు. తండ్రి తన తుపాకుల మోత మధ్యనే బతికి చివరికి వినికిడిని దాదాపుగా పోగొట్టుకోగా, కొడుకు ఆ మోతనే తగ్గించే యంత్రానికి పేటెంటు పొందడం చరిత్రలోని చమత్కారాలలో ఒకటి. 1869లో పుట్టి, చిన్న వయసులోనే ఎంఐటీలో చదువు ముగించి, మోటారు వాహనాల తయారీలో చేయి తిరిగిన పెర్సీ మాక్సింకు, స్నానపు తొట్టి నుండి సుడులు తిరుగుతూ దిగిపోయే నీటిని చూసినప్పుడు, వాయువును కూడా అదే విధంగా సుడి తిప్పితే దాని వేగం తగ్గుతుందన్న ఊహ తట్టిందని ప్రసిద్ధి. 1909 మార్చి 30న ఆయనకు అమెరికన్ పేటెంటు లభించింది. మోటారు సైకిల్ పొగగొట్టానికి తగిలించే సైలెన్సర్ చేసే పని కూడా సూత్రరీత్యా ఇదే కనుక, ఆయన సంస్థ తరువాతి కాలంలో తుపాకులను వదిలి ఇంజన్ల మోత తగ్గించే పరికరాల వైపు మళ్లడంలో వింత లేదు.

తొలి నమూనాలో గుండు పోయే రంధ్రం సరిగ్గా మధ్యన ఉండడం వల్ల తొడుగు పైభాగం గొట్టం కన్నా ఎత్తుగా లేచి, గురి చూసే కంటికి అడ్డు తగిలేది. 1910 నమూనాలో రంధ్రాన్ని పైవైపుకు జరిపి, తొడుగులో ఎక్కువ భాగం గొట్టం కిందుగా వేలాడేట్లు చేయడంతో ఆ చిక్కు తీరింది. అమెరికా సైన్యం దీనిని స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్లపై పరీక్షించింది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, మాక్సిం ఒకే తొడుగును అన్ని తుపాకులకూ అమ్మజూపలేదు, చిన్న .22 మొదలుకొని పెద్ద రైఫిళ్ల వరకు వేర్వేరు పరిమాణాలలో తయారుచేశాడు. మోడరేటర్‌ను క్యాలిబర్‌కు తగినట్లు ఎంచుకోవాలన్న నియమం ఆ విధంగా ఉపకరణంతో పాటే పుట్టింది.

క్యాలిబర్ అంటే స్థూలంగా గొట్టం లోపలి వ్యాసం; .22, .308 వంటి సంఖ్యలు దానిని అంగుళంలో భాగంగా తెలుపుతాయి. మోడరేటర్‌లోని గదులను వేరుచేసే అడ్డుపలకలన్నింటి నడుమ గుండు పోవడానికి ఉంచిన రంధ్రం గుండు కన్నా కొద్దిగా, సాధారణంగా ఒక మిల్లీమీటరు మేర పెద్దదిగా ఉంటుంది. అది మరీ పెద్దదైతే వాయువు గుండు వెంటే జారిపోయి మోత తగ్గదు. గుండు కన్నా చిన్నదైతే గుండు పలకలను ఢీకొని తొడుగును బద్దలు కొడుతుంది, కాల్చినవాడి ప్రాణానికే ముప్పు తెస్తుంది. అందువల్ల 7.8 మిల్లీమీటర్ల గుండుకు చేసిన మోడరేటర్‌ను 6.2 మిల్లీమీటర్ల గుండు పేల్చే .243 రైఫిల్‌కు, తయారీదారు అనుమతించిన మేరకు బిగించవచ్చు. మోత కాస్త ఎక్కువగా వినిపించడం తప్ప నష్టం లేదు. తలకిందులుగా చేయడం మాత్రం ఎన్నడూ తగదు.

అయితే క్యాలిబర్ సంఖ్య ఒక్కదానినే నమ్ముకున్నవారు మోసపోక తప్పదు. .22 లాంగ్ రైఫిల్ తూటాకు, సైనిక రైఫిళ్ల వంశానికి చెందిన .223 రెమింగ్టన్ తూటాకు గుండు వ్యాసంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాని మొదటిదానిలో మందు గ్రాములో పదో వంతుకు అటూ ఇటూ ఉండగా రెండవదానిలో సుమారు గ్రామున్నర ఉంటుంది, లోపలి ఒత్తిడి కూడా రెట్టింపుకు మించుతుంది. పలుచని అల్యూమినియంతో చేసిన .22 మోడరేటర్ ఆ ఒత్తిడికి నిలవదు. అదే విధంగా .308 విన్‌చెస్టర్, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ తూటాల గుండ్ల వ్యాసం ఒక్కటే అయినా, మూడు గ్రాములకు దగ్గరగా మందు పట్టే మొదటిదానికి సరిపోయే గది, నాలుగున్నర గ్రాములకు పైగా మందు కాల్చే రెండవదానికి చాలకపోవచ్చు. గొట్టం పొట్టిదైన కొద్దీ వాయువు మరింత ఒత్తిడితో మూతిని చేరుతుంది కనుకనే, జాగ్రత్తగల తయారీదారులు క్యాలిబర్‌తో పాటు గొట్టం కనీస పొడవును కూడా నిర్దేశిస్తారు. ఇక .22 తూటాలోని మెత్తని సీసం లోపల పేరుకుపోతుంది కాబట్టి, ఆ తరగతి మోడరేటర్లు విప్పి శుభ్రం చేసుకునేట్లు ఉంటేనే మేలు.

అందరూ తేలికగా తీసుకునేవి మరలు. బ్రిటన్‌లో .22 రైఫిల్ మూతికి అర అంగుళం వ్యాసంపై అంగుళానికి 20 చుట్లు చొప్పున మర కోయడం వాడుక కాగా, అమెరికాలో అదే వ్యాసంపై 28 చుట్లు కోస్తారు. రెండూ చూపుకు ఒకటే. ఒకదానిపై మరొకటి బలవంతంగా తిప్పితే మొదటి చుట్టు పట్టినట్లే పట్టి, తొడుగు వంకరగా కూర్చుంటుంది. గుండు దారికి, రంధ్రానికి మధ్య వెంట్రుకవాసి వంకర ఏర్పడినా పలకల దగ్గరికి వచ్చేసరికి అది ప్రమాదమవుతుంది.

తొడుగుకు అనుగుణంగా తూటానే ఎంచుకున్న ఉదంతం రెండవ ప్రపంచయుద్ధ కాలంలో కనిపిస్తుంది. విలియం గాడ్‌ఫ్రే డి లైల్ అనే బ్రిటిష్ ఇంజనీరు లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ యంత్రాంగాన్ని తీసుకుని, దాని .303 తూటా ధ్వనివేగానికి రెట్టింపు వేగంతో పోతుంది కనుక దానిని పక్కనబెట్టి, బరువైన .45 పిస్టల్ తూటాను అమర్చాడు. పదిహేను గ్రాముల ఆ గుండు సెకనుకు 250 మీటర్ల వేగంతో మాత్రమే పోతుంది. గాలిని చీల్చే చప్పుడు పుట్టనే పుట్టదు. గొట్టాన్ని పూర్తిగా కప్పే లావాటి తొడుగు మూతి మోతను మింగివేయడంతో, బ్రిటిష్ కమాండోలు వాడిన ఈ కార్బైన్ అత్యంత నిశ్శబ్దమైన ఆయుధాలలో ఒకటిగా పేరు పొందింది. 2011లో ప్రామాణికత పొందిన .300 బ్లాక్‌అవుట్ తూటా వెనుక ఉన్నది కూడా ఈ ఆలోచనే.

చట్టాల తీరు దేశానికొక విధంగా సాగింది. అమెరికా 1934లో జాతీయ తుపాకుల చట్టం ద్వారా ప్రతి సైలెన్సర్‌పై 200 డాలర్ల పన్ను విధించి, తొంభై ఏళ్ల పైబడి ఆ మొత్తాన్ని మార్చకుండా ఉంచి, 2026 జనవరి 1 నుండి సున్నా చేసింది. నమోదు మాత్రం కొనసాగుతున్నది. ఫిన్లాండ్, నార్వే, న్యూజిలాండ్ వంటి దేశాలు ఈ ఉపకరణాన్ని వేటగాడి చెవినీ, పొరుగువారి ప్రశాంతతనూ కాపాడే సాధనంగా చూశాయి. ఇది సమంజసమైన చూపు. తొడుగులో సగభాగం గొట్టం మీదుగా వెనక్కు సాగి, రైఫిల్ పొడవు అంతగా పెరగకుండా చూసే రిఫ్లెక్స్ నమూనా ఫిన్లాండ్‌లోనే పరిణతి చెందింది.

భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు తెరదించగా, ఆయుధాల నియమావళి తుపాకి మోతను గాని మెరుపును గాని తగ్గించే ఉపకరణాలను అత్యంత కఠినమైన ఒకటో శ్రేణిలో చేర్చింది. కనుక విదేశాలలో చట్టబద్ధంగా మోడరేటర్ వాడుతున్న తెలుగువారు, అక్కడి అనుమతి ఇక్కడ చెల్లదని తెలుసుకుని, స్వదేశానికి వచ్చేటప్పుడు దానిని సామానులో పెట్టకుండా జాగ్రత్తపడాలి.