గిరి గీసిన ఇంజన్లు, గిరి దాటిన పడవలు

బండలాగుడు పోటీల్లో రెండు పళ్ల ఎడ్లను ఆరు పళ్ల ఎడ్లతో పోటీకి దించరు. నోరు తెరిచి పళ్లు చూశాకే విభాగం తేలుస్తారు. ఔట్‌బోర్డ్ పడవ పందేల్లోనూ అదే పద్ధతి. కాకపోతే అక్కడ పళ్లకు బదులు సీసీలు చూస్తారు. నూరేళ్లుగా జరుగుతున్నది ఒకటే: నియమావళి ఇంజనుకు గిరి గీస్తుంది, పడవ కట్టేవాడు ఆ గిరి జోలికి పోకుండా చెక్కలోనో గాలిలోనో అదనపు వేగం వెతుక్కుంటాడు.

ఔట్‌బోర్డ్ అంటే పడవ వెనుక పలకకు బయటివైపు బిగించే మోటారు. 1909లో అమెరికాలోని మిల్వాకీలో ఓలే ఎవిన్‌రూడ్ అమ్మకానికి పెట్టిన మోటారు శక్తి ఒకటిన్నర హార్స్‌పవర్, బరువు 28 కిలోలు. చేపలు పట్టుకునేవాళ్ల చేతులకు తెడ్డు బాధ తప్పించడానికి వచ్చిన సరుకది. 1920ల మొదట్లో జాన్సన్ సోదరులు దాదాపు 16 కిలోల్లో రెండు హార్స్‌పవర్ల మోటారు తెచ్చారు. ఒకే చెరువులో ఇద్దరి దగ్గర మోటార్లుంటే పందెం పుట్టక మానుతుందా?

1903లోనే ఏర్పడిన అమెరికన్ పవర్ బోట్ అసోసియేషన్ ఈ కొత్త ముచ్చటకూ అక్షరాలతో తరగతులు పెట్టింది. ఏ అంటే 14 ఘనపుటంగుళాలు, మన లెక్కలో 230 సీసీ. బీ 20 అంగుళాలు, సీ 30, అలా ఎఫ్ దాకా. ఇప్పుడు యూరప్‌లో నడుస్తున్న ఓ-250, ఓ-350, ఓ-500 తరగతుల సీసీలు ఆ పాత ఏ, బీ, సీలకు చాలా దగ్గర. ఏళ్లు గడిచినా ఆ మెట్లు పెద్దగా కదల్లేదు. కదిలింది పడవ.

మొదట్లో రనబౌట్. అడుగు ఇంచుమించు బల్లపరుపు. నడిపేవాడు మోకాళ్ల మీద కూర్చుని, తన ఒంటి బరువు ముందుకూ పక్కకూ జరుపుతూ పడవను అదుపులో పెట్టాలి. యాక్సిలరేటర్ చేతిపిడి వదిలేస్తే ఇంజను దానంతటదే తగ్గుతుంది. మనిషి నీళ్లలో పడితే ఒంటికి కట్టుకున్న తాడు ఇంజనును ఆపేస్తుంది. 1930లలో మూడు బిందువుల హైడ్రోప్లేన్ వచ్చింది. ముందు రెండు పక్కలా చిన్న తేలుడు కాళ్లు, మూడో బిందువు పడవ వెనుక అడుగు భాగం. నీటికి తాకే భాగం తగ్గేసరికి అదే ఇంజను పడవను రనబౌట్ కన్నా జోరుగా లాక్కెళ్లింది. అమెరికాలో పందెం ఎడమవైపే తిరుగుతుంది కాబట్టి, మలుపులో జారిపోకుండా పట్టే రెక్కను ఎడమ పక్కన బిగిస్తారు. అలలున్న నీటిలో మాత్రం హైడ్రో గిలగిలలాడుతుంది. అందుకే రనబౌట్ ఈ రోజుకీ బతికి ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక డబ్బు గొడవ మొదలైంది. ఇంజను విప్పి, గీకి, నిప్పులు కక్కించేవాళ్ల ముందు మామూలువాడు నిలవలేకపోయాడు. దానికి విరుగుడుగా స్టాక్ తరగతులు పెట్టారు: కంపెనీ అమ్మినది అమ్మినట్టే నడపాలి. కార్ల్ కీకెఫర్ నడిపిన మెర్క్యురీ కంపెనీ మాత్రం ఆ నియమానికి తగ్గట్టు పందెం సరుకునే దుకాణంలో పెట్టింది. దాని హరికేన్ మోటార్లు, క్విక్‌సిల్వర్ కింది భాగం ఆ బాపతే. గిరి గీసినవాడి కళ్లెదుటే గిరిని జరపడమంటే ఇదే.

అసలు మలుపు 1960లలో ఇటలీలోని కోమో సరస్సు ఒడ్డున వచ్చింది. ఆంజెలో మోలినారి రెండు సన్నని అడుగులను కలిపి, మధ్యలో గాలి దూరే సొరంగం పెట్టాడు. వేగం పెరిగేకొద్దీ ఆ గాలి పడవను పైకి లేపుతుంది, నీటి ఒరిపిడి తగ్గుతుంది. మలుపులోనూ పడవ పట్టాలెక్కినట్టు తిరుగుతుంది. ఆయన కొడుకు రెనాటో 1981లో మొదలైన ఫార్ములా వన్ పడవ పందేల తొలి విజేత. 1983, 84 టైటిళ్లూ అతనివే.

సొరంగం పడవను సిద్ధం చేయడం వెంట్రుకవాసి పని. మోటారును వెనుక పలక మీద పైకి జరిపితే ప్రొపెల్లర్ సగం నీటి పైనే తిరుగుతుంది, ఒరిపిడి తగ్గుతుంది. మరీ పైకి జరిపితే మలుపులో పట్టు తప్పి, ఇంజను ఊరికే అరుస్తుంది. మోటారును బయటికి వంచితే ముక్కు లేస్తుంది. ఇంకాస్త వంచితే సొరంగంలోకి గాలి ఎక్కువై పడవ వెనక్కి పల్టీ కొడుతుంది. మెకానిక్‌లు వరుసగా ప్రొపెల్లర్లు మార్చి చూసేది ఎదురుగాలినీ అలనూ బట్టే. సొరంగం పడవ ఇచ్చే వేగాన్ని మనిషి ఒళ్లు తట్టుకోలేదని 1984 తేల్చింది. ఆ ఏడు బ్రిటిష్ డ్రైవర్ టామ్ పెర్సివల్ సహా కొందరు పందెంలోనే పోయారు. బ్రిటన్‌లో పడవలు కట్టే క్రిస్ హాడ్జెస్ డ్రైవరు చుట్టూ గట్టి గుల్ల కట్టాడు. పడవ ముక్కలైనా ఆ గుల్ల నిలవాలి. ఈ క్రీడలో ఇంజను కన్నా గొప్ప ఆవిష్కరణ ఇదేనని నా అభిప్రాయం.

ఫార్ములా వన్‌లో చాలాకాలం రాజ్యమేలింది 2.5 లీటర్ల వీ6 టూ-స్ట్రోక్, సుమారు 400 హార్స్‌పవర్. పడవ ఆరు మీటర్లు, వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. కింది మెట్టైన ఎఫ్4లో 60 హార్స్‌పవర్ల ఫోర్-స్ట్రోక్ మోటారు. అమెరికాలో జె తరగతిలో తొమ్మిదేళ్ల పిల్లలు కూడా నడుపుతారు.

మన దేశంలో ఫార్ములా వన్ పడవలు 2004లో ముంబైలో పరుగెత్తాయి. మళ్లీ 2018 నవంబరు 16 నుంచి 18 దాకా విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర, కృష్ణలో. టీమ్ అమరావతి పేరుతో దిగినవాళ్లు స్వీడన్ డ్రైవర్లు యోనాస్ ఆండర్సన్, ఎరిక్ ఎడిన్. విజయవాడకు వచ్చింది నిచ్చెన చివరి మెట్టు ఒక్కటే. జె, ఎఫ్4 లాంటి కింది మెట్లు రాలేదు. తెలుగు కుర్రాడెవరైనా డ్రైవరు కావాలంటే మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచి. ఒక చిన్న మోటారు, మోకాళ్ల మీద కూర్చునే రనబౌట్, ఒంటికి కట్టుకునే తాడు, పక్కన కాపలా పడవ, ఇవన్నీ ఫార్ములా వన్ ఖర్చులో చిల్లర కిందికే వస్తాయి.