త్యాగరాయనగరం – చెరువు ఊరైన కథ

చెన్నపట్నంలో కాపురముంటూ త్యాగరాయనగరం ఎరుగని తెలుగువారు లేరు. పెళ్ళి పట్టుచీరెల కోసమో, వెంకటనారాయణ రోడ్డులోని తిరుపతి దేవస్థానం వారి ఆలయంలో స్వామి దర్శనం కోసమో ఏడాదికి ఒక్కమారైనా మాంబళం స్టేషనులో దిగనివారు మనలో అరుదు. దిగినంతనే రంగనాథన్ వీధి జనసమ్మర్దంలో పడి, పిల్లవాని చెయ్యి ఒకవంకా, సంచి ఒకవంకా పట్టుకొని బయటపడటమే గగనమవుతుంది. ఇటువంటి చోటు ఒకనాడు చెట్ల నీడలో, బావులతో, పెరళ్ళతో సగం పల్లెగా ఉండేదనీ, అంతకుముందు అది పెద్ద చెరువనీ చెబితే నేటి పిల్లలు నమ్మరు.

మేము చరిత్ర పండితులము కాము. మెట్రిక్ చదువుతో రైల్వేలో గుమాస్తా పని చేసుకొనేవారము. కాని నిత్యమూ ఆ లైను మీదనే ఆఫీసుకు పోయివచ్చేవారము కాబట్టి, పెద్దల వలన విన్నదీ, చదివి తెలుసుకొన్నదీ మన సంఘ సభ్యుల ముందు ఉంచదలచినాము. ఇల్లు కొనాలన్న ఆలోచనలో ఉన్న కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. వారికి ఈ చరిత్ర కాలక్షేపానికే కాక పనికి కూడా వస్తుందని మా నమ్మకం.

మౌంటురోడ్డుకు పడమరగా నుంగంబాకం నుండి సైదాపేట వైపు సాగిన ఒక పొడవైన చెరువు ఉండేది. ఆ పొడవును బట్టే దొరలు దానికి లాంగ్ ట్యాంక్ అని పేరు పెట్టినారు. పందొమ్మిదవ శతాబ్దం చివర వారు అందులో పడవ పందేలు కూడా నడిపినారు. దానిని ఆనుకొని మాంబళం గ్రామం, పొలాలు, తోపులు ఉండేవి. పట్నం పెరిగే కొద్దీ పొలాలు ఇళ్ళస్థలాలుగా మారసాగినవి. పొలం పోతే చెరువు నీరు అడిగే రైతు ఉండడు. అడిగేవాడు లేని చెరువు అధికారుల కళ్ళకు ఖాళీ జాగాగానే కనబడుతుంది.

ఇంతలో 1920లో మదరాసు పట్టణ నిర్మాణ చట్టం వచ్చింది. కొత్త పేటలు ఇష్టం వచ్చినట్లు కాక, ముందుగా రోడ్లు, పార్కులు గీసుకొని కట్టాలన్నది దాని ఉద్దేశం. ఆ చట్టం అండతో 1923లో చెరువు నీరు వదిలి, నేల మెరక చేసి, మాంబళం పథకం ఆరంభించినారు. నడుమ ఒక పార్కు, దాని చుట్టూ చేరే వెడల్పాటి రోడ్లు, రోడ్ల పక్కన సాలుచెట్లు, ఇళ్ళకు విశాలమైన ఆవరణలు – ఇదీ ఏర్పాటు. జార్జిటౌను సందులలో గాలి వెలుతురు కరువై ఉన్నవారికి ఇది స్వర్గంగా తోచి ఉంటుందనటంలో సందేహం లేదు.

ఇచట మనవారు ముఖ్యంగా గమనించవలసిన విషయం ఒకటి కలదు. ఈ నగరానికి ఎవరి పేరు పెట్టినారు? జస్టిస్ పార్టీ స్థాపకులలో ఒకరైన సర్ పిట్టి త్యాగరాయ చెట్టి గారి పేరు. ఆయన తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో పుట్టి, మదరాసు నగరపాలక సంస్థకు అధ్యక్షుడైన పెద్దమనిషి. 1920 ఎన్నికల తరువాత ముఖ్యమంత్రి పదవి తన గుమ్మం దాకా వచ్చినా వద్దన్నారు. 1925లో కాలం చేసినారు. నగరం నడుమనున్న పార్కు పేరు పానగల్లు పార్కు. పానగల్లు రాజా అంటే పానగంటి రామరాయణింగారు. ఆయన కాళహస్తివారు. 1921 నుండి 1926 వరకు మదరాసు రాజధానికి ముఖ్యమంత్రిగా ఉన్నారు. చెరువు పూడ్చి నగరం వేసింది ఆయన ప్రభుత్వ కాలంలోనే. మిగిలిన రోడ్లకు కూడా ఎక్కువగా ఆ పార్టీ పెద్దల పేర్లే – డాక్టర్ నాయర్, ఉస్మాన్, తణికాచలం, గోపతి నారాయణస్వామి చెట్టి. పాండీబజారు పేరు విని పుదుచ్చేరి సరుకు అమ్మే అంగడి అనుకొనేవారున్నారు. కాని అది సౌందరపాండ్య నాడారు గారి పేరు మీద వచ్చిందని తెలిసినవారు చెబుతారు. తరువాతి కాలంలో వీధుల పేర్ల నుండి కులనామాలు తీసివేసినప్పుడు జి.ఎన్. చెట్టి రోడ్డు జి.ఎన్. రోడ్డయింది.

నగరం గీసినంత మాత్రాన జనం రారు. రావటానికి దారి కావాలి. ఆ దారి చూపింది రైలు. 1931 మే 11వ తేదీన సౌత్ ఇండియన్ రైల్వేవారు బీచి నుండి తాంబరానికి కరెంటు రైళ్ళు నడపటం మొదలుపెట్టినారు. మీటరుగేజి మీద 1500 వోల్టుల కరెంటుతో నడిచిన బండ్లు అవి. అంతవరకు పొగబండి ఎప్పుడు వస్తుందా అని కాచుకొన్నవారికి గడియారం చూసుకొని బయలుదేరే వీలు కలిగింది. కోటలోనో, కస్టమ్సులోనో, బ్యాంకులోనో పనిచేసే గుమాస్తా సీజను టిక్కెట్టు జేబులో వేసుకొని, ఉదయం భోజనం చేసి బండి ఎక్కి, చీకటి పడేలోగా ఇల్లు చేరి మొక్కలకు నీళ్ళు పోసుకోగలిగినాడు. పట్నంలో జీతం, పల్లెలో కాపురం అన్న కోరిక తీర్చింది ఈ బండ్లే. ఆ మీటరుగేజి లోకలు బండ్లు 2004 వరకు నడిచి, పిదప బ్రాడుగేజికి చోటిచ్చినవి.

ఆ రైలుపట్టాలే మాంబళాన్ని రెండు చేసినవి. పట్టాలకు తూర్పున త్యాగరాయనగరం. అక్కడ వకీళ్ళు, పెద్ద ఉద్యోగులు, జమీందారులు రెండేసి, నాలుగేసి గ్రౌండ్లలో మేడలు కట్టుకొన్నారు. మదరాసులో స్థలాన్ని గ్రౌండ్లలో లెక్కిస్తారు. గ్రౌండు అంటే 2400 చదరపు అడుగులు. పట్టాలకు పడమర పశ్చిమ మాంబళం. అక్కడ గుమాస్తాలు, బడిపంతుళ్ళు, పింఛనుదారులు అరగ్రౌండులోనో, ఒక గ్రౌండులోనో పెంకుటిల్లు వేసుకొన్నారు. కొన్నవారు ముందు భాగంలో ఉండి, వెనుక పోర్షను అద్దెకిచ్చి అప్పు తీర్చుకొన్నారు. పెరట్లో బావి, రెండు కొబ్బరిచెట్లు, ఒక కరివేపచెట్టు లేని ఇల్లు అరుదు. దోమలు మాత్రం అడగనక్కరలేదు. చెరువు పోయినా చెమ్మ పోలేదు గదా! మాంబళం దోమ పట్నమంతా ప్రసిద్ధి. లేక్ వ్యూ రోడ్డు అనే పేరు పశ్చిమ మాంబళంలో నేటికీ ఉన్నది. ఆ రోడ్డులో నిలబడి చూస్తే చెరువు కనబడదు. పేరు మాత్రం మిగిలింది.

తూర్పు వైపున తెలుగు సినిమావారు వచ్చి చేరటంతో త్యాగరాయనగరం తెలుగుతనం ఇంకా చిక్కబడింది. స్టూడియోలు కోడంబాకం, వడపళని ప్రాంతాలలో ఉండేవి. వాటికి దగ్గరగా, ప్రశాంతంగా కాపురముండటానికి ఈ పేట అనువైనది. నందమూరి తారక రామారావు గారి ఇల్లు బజుల్లా రోడ్డులో, సావిత్రి గారి ఇల్లు హబీబుల్లా రోడ్డులో ఉండేవి. తిరుపతి యాత్రకు బయలుదేరిన తెలుగువారు చాలామంది మదరాసు దాకా వచ్చి, రామారావు గారి ఇంటి ముందు నిలబడి ఆయనను చూచి పోవటం ఆనాడు పరిపాటి.

ఇక అసలైన పరీక్ష 1952, 53 సంవత్సరాలలో వచ్చింది. పొట్టి శ్రీరాములు గారు ఈ పట్నంలోనే బులుసు సాంబమూర్తి గారి ఇంట 58 దినాలు నిరాహారదీక్ష సాగించి 1952 డిసెంబరు 15న అమరులైనారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. మదరాసు నగరం మాత్రం మనకు రాలేదు. రాజధాని కర్నూలు అయింది. 1956లో అది హైదరాబాదుకు మారింది. ప్రభుత్వోద్యోగులలో తెలుగువారు సామానులు కట్టుకొని తరలిపోయినారు. అప్పుడు మదరాసులో సొంత ఇల్లున్న ప్రతి తెలుగు కుటుంబమూ ఒక ప్రశ్న ఎదుర్కొన్నది: అమ్ముకొని పోదామా, ఉండిపోదామా?

పోయినవారిని తప్పు పట్టలేము. పుట్టిన రాష్ట్రం పిలిచింది. ఉన్నవారినీ తప్పు పట్టలేము. పిల్లల బడి, ముసలి తల్లిదండ్రులు, అలవాటైన ఇరుగుపొరుగు, తాము నాటిన చెట్టు – ఇవి వదలి పోవటం తేలిక కాదు. రైల్వేవంటి కేంద్ర సర్కారు కొలువులలో ఉన్నవారికి పోవలసిన అగత్యం కూడా లేకపోయింది. మా ఆఫీసులో పెద్దలు చెప్పే మాట ఒకటున్నది: అద్దె ఇంటిలో ఉన్నవాడు ఉద్యోగం వెంట పోయినాడు, సొంత ఇంటిలో ఉన్నవాడు ఇంటి వెంట ఉండిపోయినాడు. ఈనాడు ఈ సంఘంలో ఉగాది జరుపుకొంటున్న మనలో చాలామందిమి ఆ రెండవవారి సంతతివారమే. ఒక ఇంటి దస్తావేజు మూడు తరాల వారి ఊరినీ, బడినీ, నోటి మాటనూ నిర్ణయించింది. ఇల్లు కొనటమంటే ఇంత పెద్ద విషయమని కొన్ననాడు ఆ తాతలకు తెలిసి ఉండదు.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. త్యాగరాయనగరం ధర పెరిగిన కొద్దీ మధ్యతరగతివారు పట్టాల వెంబడి దక్షిణానికి జరిగినారు. నంగనల్లూరు, క్రోంపేట, పల్లావరం, తాంబరం – ఒక్కొక్కటీ తన వంతుకు సగం పల్లెగా ఉండి, చల్లని నీడతో కుటుంబాలను పిలిచి, చివరకు కిక్కిరిసిపోయింది. క్రోంపేటకు ఆ పేరు క్రోం తోళ్ళ కార్ఖానా వలన వచ్చింది. తాంబరంలో 1937లో మదరాసు క్రైస్తవ కళాశాల వచ్చి చేరింది. ఆ ఆవరణలో నాటి నుండి పెంచిన అడవి నేటికీ పచ్చగానే ఉన్నది. ఇటు పడమర వైపున 1961లో ఏర్పడిన గృహనిర్మాణ మండలి అశోక్ నగరు వంటి పేటలు వేసింది. త్యాగరాయనగరంలో మేడలు పడగొట్టి దుకాణాలూ, అంతస్తుల ఫ్లాట్లూ కట్టినారు. అన్నదమ్ములు నలుగురికి ఇల్లు పంచలేక కాంట్రాక్టరుకిచ్చి తలా ఒక ఫ్లాటు తీసుకొన్న కుటుంబాలు మనలోనే ఎన్నో ఉన్నవి. వాటాలు సరిగా పంచుకొన్నారు. మామిడిచెట్టు మాత్రం ఎవరి వాటాలోకీ రాలేదు.

పూడ్చిన చెరువు ఊరుకొన్నదా? లేదు. 2015 డిసెంబరు వరదలలో అడయారు నది పొంగి సైదాపేట, పశ్చిమ మాంబళం, అశోక్ నగరు ప్రాంతాలలో ఇళ్ళలోకి నీరు వచ్చింది. 2021 నవంబరు వానలకు త్యాగరాయనగరం వీధులు మరల దినాల తరబడి మునిగినవి. వాన నీటికి పాత దారి జ్ఞాపకమున్నది. దీనికి ఎదురు సంగతి కూడా ఒకటి చూడండి. 2019 వేసవిలో పట్నానికి నీరు వచ్చే చెరువులు ఎండిపోగా, జూలై 12న జోలార్‌పేట నుండి విల్లివాకానికి 50 వ్యాగన్లలో 25 లక్షల లీటర్ల నీటిని రైలు మీద తెచ్చినారు. రైల్వేవారమై గర్వించినాము, పట్నవాసులమై సిగ్గుపడినాము. చెరువులు పూడ్చి ఇళ్ళు కట్టుకొని, తాగే నీటిని రైలెక్కించి తెచ్చుకొన్న ఊరు ఇది. ప్రతి ఇంటా వాన నీటిని నేలలోకి ఇంకించాలని 2003లో ప్రభుత్వం చేసిన కట్టుబాటును మనలో ఎందరం శ్రద్ధగా పాటిస్తున్నామో ఎవరికి వారు చూసుకోవాలి.

కావున నేడు చెంగల్పట్టు దారిలోనో, తిరువళ్ళూరు దారిలోనో పచ్చని చోటు చూసి స్థలం కొనబోయే మన సోదరీ సోదరులకు నాలుగు మాటలు మనవి. రైల్వే క్వార్టర్సులో ఉన్నవారు పదవీ విరమణ అయిన కొద్ది నెలలకే ఖాళీ చేయవలసి ఉంటుంది. ఆ తొందరలో కొనరాదు. పదేళ్ళ ముందే వెదకాలి. వేసవిలో చూసిన స్థలాన్ని కార్తీక మాసపు వానలలో మరల వెళ్ళి చూడాలి. ఈశాన్య ఋతుపవనంలో అక్కడ మోకాలి లోతు నీరు నిలిస్తే బ్రోకరు మాట నమ్మనక్కరలేదు. ఆ ఊరి ముసలివారిని అడిగితే ఏది ఏరి, ఏది తాంగల్, ఏది వాగు అని చెబుతారు. ఏరి అంటే తమిళంలో చెరువనీ, తాంగల్ అంటే చిన్న కుంట అనీ మనవారు మరువరాదు. ఊరి పేరులోనే చెరువు దాగి ఉండవచ్చును. పట్టా, సర్వే నంబరు, వెనుకటి దస్తావేజులు, విల్లంగ పత్రం – ఇవన్నీ తమిళంలో ఉంటాయి. చదవటం రాకపోతే వచ్చినవారి చేత చదివించుకోవాలి. ఆ సర్వే నంబరు నీటి పోరంబోకు అవునో కాదో రెవెన్యూ లెక్కలలో చూపించుకోవాలి. మన సంఘంలో తమిళం చక్కగా చదివే పెద్దలున్నారు, అడిగితే కాదనరు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టే ఇంటిలో గ్రౌండంతా గోడలతో నింపక, ఒక వేపచెట్టుకూ, వాన నీరు ఇంకే గుంటకూ చోటు విడిచిపెట్టండి. వచ్చే ఉగాదులకు వేపపువ్వు అంగడిలో కొనకుండా పెరట్లోనే దొరుకుతుంది. సభ్యులందరికీ మా నూతన సంవత్సర శుభాకాంక్షలు.