కోట భారులో చెదిరిన నిజాం పటాలం

హైదరాబాద్ నిజాం ఇచ్చిన సొమ్ముకు కృతజ్ఞతగా బ్రిటిష్ వాయుసేన మూడు స్క్వాడ్రన్లకు హైదరాబాద్ పేరు పెట్టుకుంది. మొదటి ప్రపంచయుద్ధంలో 110కి, రెండో యుద్ధంలో 152, 253లకు. ఆ నిజాం సొంత పటాలం ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫెంట్రీ మాత్రం, విమానాలు వదిలేసిపోయిన ఒక విమానాశ్రయం దగ్గర చెదిరిపోయింది.

మలయా ఈశాన్య తీరాన ఉన్న కోట భారులో విమానాశ్రయానికి కాపలా కాయడం వాళ్ళ పని. 1941 డిసెంబర్ 8న అర్ధరాత్రి దాటగానే, పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడడానికి దాదాపు గంట ముందే, జపాన్ సేన ఆ ఒడ్డున దిగింది. తీరంలో డోగ్రా రెజిమెంట్ సైనికులు ప్రాణాలకు తెగించి పోరాడారు. ఆస్ట్రేలియా హడ్సన్ విమానాలు జపాన్ ఓడ అవజిసన్ మారును తగలబెట్టాయి. కానీ సాయంత్రానికి, శత్రువు విమానాశ్రయం కంచె దాకా వచ్చేశాడని పుకారు లేచింది. అది అబద్ధం. అయినా విమానాలు కువాంతాన్‌కు ఎగిరిపోయాయి, సిబ్బందీ తరలిపోయారు.

ఆ రాత్రి జోరువానలో హైదరాబాద్ సిపాయిలూ వెనుదిరిగారు. ఆపబోయిన కమాండర్ లెఫ్టినెంట్ కర్నల్ హెండ్రిక్స్‌ను సొంత సిపాయిలే చంపారని యుద్ధ చరిత్రలు రాశాయి.

ఆ పటాలం గురించి మిగిలింది దాదాపు ఆ ఒక్క వాక్యమే. హత్యను ఎవరూ సమర్థించలేరు. కానీ ఓటమి బరువంతా ఆ సిపాయిల నెత్తిన పెట్టడం అన్యాయం. మలయాను విమానాలతో కాపాడతామని ముందు ఎక్కడికక్కడ విమానాశ్రయాలు కట్టారు. తర్వాత చాలినన్ని విమానాలు రాలేదు. వాటి కాపలాకు మైసూరు, బహావల్‌పూర్, జింద్ వంటి సంస్థానాల పటాలాలను తలో మూలా నిలబెట్టారు. పథకం వేసినవాళ్ళు ముందే ఓడిపోయిన యుద్ధమది.

70 రోజుల్లో అంతా అయిపోయింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. రెండు రోజులకు ఫారర్ పార్కులో వేలాది భారత సైనికులను జపాన్‌కు అప్పగించారు. కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు, కొందరు చెరలోనే చనిపోయారు.

అదే మలయాలో నలిగిన మరో దళం, బ్రిటిష్ ఇండియా సైన్యపు 19వ హైదరాబాద్ రెజిమెంట్, 1945లో కుమావూన్ రెజిమెంట్‌గా మారి తన చరిత్రను నిలుపుకుంది. నిజాం పటాలానికి ఆ వారసత్వమూ దక్కలేదు. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ సంస్థానాన్ని కలుపుకోవడానికి వచ్చిన భారత సైన్యపు తూర్పు దళం బెజవాడ రోడ్డు పట్టుకుని కదిలింది. 18న నిజాం సేనాని ఎల్ ఎడ్రూస్ భారత సైన్యపు జనరల్ చౌధురికి లొంగిపోయాడు. ఆ తర్వాత కోట భారు మృతులకు ఏటా దండవేసి తలచుకోవడానికి నిజాం సైన్యమంటూ మిగల్లేదు.