కామాఠిపురలో పుస్తకం విన్నవాళ్లు

ధారావిలో ఉంటానంటే ఊళ్లో చుట్టాలు అడిగేది రేకుల ఇళ్ల గురించి, తోలు పని గురించి. నాకు చెప్పాలనిపించేది ఇక్కడి వ్యాఖ్యానమాలల గురించి. వరసగా కొన్ని సాయంత్రాలు, రోజుకో వక్త. రచయిత వచ్చి తన పుస్తకం గురించి మాట్లాడతాడు, జనం నిలదీసి అడుగుతారు. మహారాష్ట్రలో ఇది పాత అలవాటు. దీని పునాదుల్లో మన తెలుగువాళ్ల చెమట ఉంది. ఆ సంగతి ఇక్కడ పుట్టిన మన పిల్లలకే తెలియదు.

నిజాం రాజ్యం నుంచి బతుకుదెరువుకి వచ్చి ముంబయిలో ఇళ్లూ రోడ్లూ కట్టిన కూలీలను కామాఠీలు అన్నారు. వాళ్ల పేరు మీదే కామాఠిపుర. 1873లో పుణెలో జ్యోతిరావు ఫూలే కుల వివక్షను ఎదిరించే సత్యశోధక సమాజం పెట్టినప్పుడు ముంబయిలో దానికి దన్నుగా నిలిచినవాళ్లలో ముగ్గురు తెలుగువాళ్లు: రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు, వెంకు బాలాజీ కాలేవార్. లింగు, కాలేవార్ కట్టడాల కాంట్రాక్టులతో పైకొచ్చినవాళ్లు. సమాజం భావాలు అచ్చులోకి రావాలని అచ్చుయంత్రం కొనిచ్చినవాళ్లు ఈ ముగ్గురే.

1875లో సంస్కర్త రానడే పుణెలో వసంత వ్యాఖ్యానమాల మొదలుపెట్టాడు, దాన్ని అందరూ గుర్తుపెట్టుకున్నారు. నాకు మాత్రం అంతకన్నా గొప్పగా తోచేది 1883 నాటి మాట. రైతుల గోస మీద ఫూలే 'శేత్కర్యాచా అసూడ్' రాస్తున్నాడు. అంటే రైతు చేతి కొరడా. పుస్తకం అచ్చుకాకముందే దాన్ని ముంబయి, పుణె, ఠాణే, జున్నర్, ఓతూర్ లాంటి చోట్ల జనం ముందు చదివి వినిపించాడు. బరోడాలో గాయక్వాడ్ మహారాజుకూ వినిపించాడు. అక్షరం రాని రైతూ మహారాజూ ఒకే పుస్తకాన్ని చెవులతోనే అందుకున్నారు. ముంబయిలో సమాజానికి బలం కామాఠీలే కాబట్టి, ఆ విన్నవాళ్లలో పాలమూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన మన ముత్తాతలు ఉండే ఉంటారని నా నమ్మకం.

ఇలాంటి ఉపన్యాసాలు పెట్టే గ్రంథాలయాల విషయంలో మన తెలుగు రాష్ట్రాలకీ ఇక్కడికీ ఒక తేడా ఉంది. మన దగ్గర ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను, జిల్లా గ్రంథాలయ సంస్థ, సర్కారు నడిపే శాఖలు. మహారాష్ట్ర 1967 చట్టంలో అలాంటి పన్ను లేదు. వాడవాళ్లు సంఘంగా రిజిస్టరు చేసుకుని వాచనాలయం నడుపుతారు, సర్కారు వాటిని అ, బ, క, డ తరగతులుగా విడదీసి గ్రాంటు ఇస్తుంది. ఆ గ్రాంటుతో గడవదు, చందాలు వసూలు చేయక తప్పదు. కష్టమే. కానీ అందువల్లే గ్రంథాలయం వాడ సొత్తుగా మిగిలింది.

ఉపన్యాసం రోజు గల్లీ మొదట్లో నల్లబోర్డు మీద వక్త పేరు, విషయం సుద్దముక్కతో రాస్తారు. ప్లాస్టిక్ కుర్చీలు రోడ్డు మీదికి వస్తాయి. ఫూలే, సావిత్రీబాయి, అంబేడ్కర్ పటాలకు దండలు పడతాయి. డ్యూటీ దిగిన సఫాయి కార్మికుడు వెనక వరసలో కూర్చుంటాడు, కిందికి రాలేని ఆడవాళ్లు చాల్ (వరస గదుల భవనం) వరండాల్లోంచి వింటారు. కామాఠిపుర పక్కనే ఉన్న గోల్‌పీఠా పేరునే తన కవితా సంపుటికి పెట్టి 1972లో మరాఠీ సాహిత్యాన్ని కుదిపేసిన నామ్‌దేవ్ ఢసాళ్ ఇలాంటి గల్లీల్లోనే పెరిగాడు. 1958లో తొలి దళిత సాహిత్య సమ్మేళనం జరిగింది కూడా ఇదే నగరంలో, దాదర్‌లో. దాన్ని ప్రారంభించిన రచయిత అణ్ణాభావూ సాఠే బడి చదువు ఒకటి రెండు రోజులకు మించదు.

ఇంత ఉన్నా తెలుగు పుస్తకం మా గల్లీలో వినపడటం లేదు. మునిసిపాలిటీ తెలుగు బడులు తగ్గిపోయాయి. మా మూడో తరం తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. తెలుగు పుస్తకాలు బీరువా నిండా తెచ్చిపెట్టినా వాళ్లకు అందవు. వినిపిస్తే అందుతాయి. నూట నలభై ఏళ్ల కింద ఫూలే ఎదుట కూర్చున్నవాళ్లదీ ఇదే పరిస్థితి, ఆయన దానికి ఉపాయం చూపించే పోయాడు.

కాబట్టి దాదర్‌లో ఆంధ్ర మహాసభకు వచ్చే మన కవులకూ కథకులకూ ఒక్క మనవి. సన్మానం అయ్యాక వెంటనే తిరుగు రైలు ఎక్కకండి. దాదర్ నుంచి లోకల్‌లో రెండో స్టేషన్ మాహిం, దిగితే ధారావి. మీ కథ ఒకటి మీరే చదివి వినిపించండి. పిల్లలు అడ్డొచ్చి అడిగితే ఆపి జవాబు చెప్పండి. మైకు, కుర్చీలు, రాత్రి భోజనం మేం చూసుకుంటాం.