గొంతుతో పనిలేని ప్రవేశం: తొలితరం సినీగీత రచయితలు

అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగయ్యల సంప్రదాయంలో పాట కట్టినవారే పాడేవారు. వాగ్గేయకారుడన్న మాటలోనే ఆ ఏకత్వం ఉంది. చలనచిత్రం ఈ రెండు పనులనూ విడదీసింది. మరి పాడని కవిని స్టూడియో గుమ్మం దాకా తెచ్చినదేమిటి?

శ్రీశ్రీ 1950లో 'ఆహుతి'తో ప్రవేశించారు. అది హిందీ నుంచి వచ్చిన డబ్బింగు చిత్రం. తెరపై పెదవుల కదలికకు, ముందే స్థిరపడిన వరుసకు తెలుగు మాటలు అమర్చాలి. దానికి కావలసినది మాత్రల లెక్క తెలిసిన చెవి, కంఠం కాదు. 'మహాప్రస్థానం' పుస్తకంగా వచ్చినదీ ఆ ఏడాదే. ఈ డబ్బింగు పనిని కేవలం పొట్టకూటి రాతగా తీసివేయడం సమంజసంగా తోచదు.

మరుసటి ఏడాది దేవులపల్లి కృష్ణశాస్త్రి బి.ఎన్. రెడ్డి 'మల్లీశ్వరి'కి పాటలు రాశారు. 'కృష్ణపక్షం' నాటి నుంచి భావకవిగా ఉన్న ప్రతిష్ఠే ఆయన పరిచయపత్రం. బాణీలు సాలూరి రాజేశ్వరరావువి, గళాలు భానుమతి, ఘంటసాలలవి. నిజానికి కృష్ణశాస్త్రి స్వరం సభలకు సుపరిచితమే. ఊరూరా భావకవిత్వాన్ని వినిపించినవారాయన. 1963లో గొంతు వ్యాధి ఆ స్వరాన్ని హరించింది. సంభాషణ సైతం కాగితం మీదికి మారింది. అయినా 'ఉండమ్మా బొట్టు పెడతా' (1968), 'ఏకవీర' (1969) చిత్రాలకు ఆయన రాసిన పాటలు ఆ మౌనకాలంలోనివే.

ప్రవేశం దొరికినంత సులువుగా హక్కు దొరకలేదు. ప్రతిఫలమిచ్చి చిత్రం కోసం రాయించిన పాటపై, వేరే ఒప్పందం లేకుంటే, తొలి హక్కు నిర్మాతదేనని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. సినిమా హాలు వెలుపలి వినియోగంపై రచయిత రాయల్టీ వాటాకు 2012 చట్టసవరణ రక్షణ కల్పించింది. అప్పటికి కృష్ణశాస్త్రి గతించి 32 ఏళ్లు, శ్రీశ్రీ గతించి 29 ఏళ్లు.