అందరూ దిద్దే సైటు

ఏ ప్రోగ్రాం కోసం వెతికినా మనం ముందు అడుగుపెట్టేది దాని వెబ్‌సైటులో. అక్కడ డౌన్‌లోడ్ లింకు పనిచేయకపోతే, ఎక్కించుకునే పద్ధతి పాతదై ఉంటే, లోపల కోడ్ ఎంత గొప్పదైనా వచ్చినవాళ్లు వెనక్కి పోతారు. కోడ్ రాసినవాళ్లకు పేరొస్తుంది. సైటు దిద్దేవాళ్ల ఊసెత్తేవాళ్లే తక్కువ. నా దృష్టిలో ఇద్దరిదీ ఒకే కష్టం.

వెబ్ తొలినాళ్లలో సైటు తాళంచెవి వెబ్‌మాస్టరు ఒక్కరి చేతిలోనే ఉండేది. తప్పు కనబడితే ఆయనకు ఈమెయిలు రాసి ఎదురుచూడాల్సిందే. 1995 మార్చిలో వార్డ్ కన్నింగ్‌హామ్ తెచ్చిన వికీతో చదివేవాళ్లే దిద్దే వీలు కలిగింది. 2003 డిసెంబరులో మొదలైన మన తెలుగు వికీపీడియా ఆ వంశంలోదే.

చెన్నైలో ఈ కలిసి పనిచేసే అలవాటుకు 1998లో పుట్టిన లినక్స్ ఆపరేటింగ్ సిస్టం వాడుకరుల సంఘం పెద్ద దన్ను. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ప్రభు రామచంద్రన్ ఒకరు. శాస్త్రీయ డేటాను త్రీడీ బొమ్మలుగా చూపే 'మాయావి' ఆయన చేసిందే. తర్వాత ప్రభుత్వ సంస్థ సీడాక్ చెన్నై కేంద్రం కూడా అందరూ కలిసి కట్టే డెబియన్ లినక్స్ పునాది మీద బాస్ లినక్స్‌ను తయారుచేసింది.

ఫైళ్లలో మార్పుల చరిత్రను దాచే గిట్‌ను లినస్ టోర్వాల్డ్స్ 2005లో రాశాడు. అదీ, దాని మీద నడిచే, 2008లో వచ్చిన గిట్‌హబ్ సైటూ వెబ్‌సైట్లు దిద్దే పనిని మార్చేశాయి. సమావేశం తేదీ తప్పు పడిందనుకోండి. చూసినవాళ్లు ఆ సైటు ఫైళ్లన్నిటినీ తమ ఖాతాలోకి నకలు తీసుకుని, ఒక్క పంక్తి మార్చి, ఆ మార్పును కలుపుకోమని పుల్ రిక్వెస్ట్ పంపుతారు. నిర్వాహకుల తెర మీద తీసేసిన పంక్తి ఎర్రగా, కొత్తది ఆకుపచ్చగా కనిపిస్తుంది. సరేనంటే అది అసలు ఫైలులో కలుస్తుంది. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో చరిత్రలో ఉండిపోతుంది. వెయ్యి పంక్తుల కోడ్ రాసినవాళ్ల పక్కనే ఆ ఒక్క పంక్తి దిద్దినవాళ్ల పేరూ ఉంటుంది. కొత్త విద్యార్థికి ఇంతకన్నా మంచి ప్రవేశద్వారం నాకు తెలియదు.

2019లో చెన్నై ట్రేడ్ సెంటరులో పైథాన్ ప్రోగ్రామింగ్ భాష వాడేవాళ్ల సదస్సు పైకాన్ ఇండియా జరిగింది. ఆ సదస్సుకు ప్రసంగాల ప్రతిపాదనలు తీసుకున్న 'జంక్షన్' సైటు కూడా పైథాన్ బృందంవాళ్లు పైథాన్‌లోని వెబ్ చట్రం జాంగోతో రాసుకున్నదే. దాని కోడ్ అందరికీ తెరిచే ఉంది.

ఇప్పుడు కొరత దిద్దేవాళ్లది కాదు, వచ్చిన సవరణలను ఓపిగ్గా చూసేవాళ్లది. మొదటిసారి పంపిన సవరణకు నెలల తరబడి జవాబు రాకపోతే ఆ మనిషి మళ్లీ రాడు. కొత్త పేజీలు కట్టడం కంటే ముందు, ఆ జవాబు రాసే బాధ్యతను వంతులవారీగా పంచుకోవాలి.