అక్షరం మారితే ముప్పా, కాదా?

ఆదోని పత్తి యార్డులో వ్యాపారి కుప్పలోంచి గుప్పెడు పత్తి తీసి వేళ్ల మధ్య సాగదీస్తాడు. పింజ పొడవెంత, రంగెలా ఉంది, తేమ ఎంత, చెత్త ఎంత అని చూసి ధర చెబుతాడు. ఏ ఒక్క లక్షణమూ ఒంటరిగా ధర తేల్చదు. అన్నింటినీ కలిపి ఒక్క మాటగా చెప్పడమే ఆయన నేర్పు. క్యాన్సర్‌తో ముడిపడిన జన్యువుల్లో ఏ మార్పు హానికరమో, ఏది కాదో కంప్యూటరుతో అంచనా వేసే శాస్త్రం కూడా దశాబ్దాలుగా ఇదే నేర్పును అలవరచుకుంటూ వచ్చింది. ఆ నేర్పును గణితంగా మలిచిన వారిలో ఒకరు ఈ నేలకు దగ్గరి తెలుగువారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఎమ్మిగనూరు బళ్ళారి జిల్లాలోవి. అదే జిల్లాలోని హూవిన హడగలిలో 1920 సెప్టెంబరు 10న కల్యంపూడి రాధాకృష్ణారావు పుట్టారు. లోకానికి ఆయన సి.ఆర్.రావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో గణాంకశాస్త్రం నేర్చి, 1946లో కేంబ్రిడ్జి వెళ్లారు. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడం అక్కడ ఆయన పని. రెండు గుంపులను కొలతల సాయంతో వేరుచేసే పద్ధతిని రోనాల్డ్ ఫిషర్ 1936లో చూపించారు. ఎన్ని గుంపులున్నా, పొరపాటు వీలైనంత తగ్గేలా ఒక్కోదాన్ని దాని గుంపుకు చేర్చే పద్ధతిని రావుగారు 1948లో అందించారు. జీవశాస్త్రంలో వర్గీకరణ గురించి రాసిన పత్రం అది. నేటి జన్యు అంచనా కూడా మూలంలో వర్గీకరణే. తెలిసిన కొలతలను బట్టి తెలియనిదాన్ని ఒక గుంపులో చేర్చడమే.

ఇక వర్గీకరించాల్సిన వస్తువు సంగతి. రొమ్ము క్యాన్సర్ కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వస్తోందని ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా 1866లోనే తన భార్య కుటుంబాన్ని చూపి రాశారు. దానికి కారణమైన జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉందని మేరీ క్లెయిర్ కింగ్ 1990లో తేల్చారు. 1994లో ఆ జన్యువు బీఆర్‌సీఏ1, మరుసటి ఏడాది అలాంటిదే మరో జన్యువు బీఆర్‌సీఏ2 చేతికి చిక్కాయి. ఇవి డీఎన్‌ఏ తెగినచోట సరిచేసే ప్రోటీన్లను తయారుచేస్తాయి. బీఆర్‌సీఏ1 ప్రోటీన్‌లో గొలుసుగా కూర్చిన 1863 అమినో ఆమ్లాలు, బీఆర్‌సీఏ2లో 3418. హానికరమైన బీఆర్‌సీఏ1 మార్పుతో పుట్టిన స్త్రీకి 80 ఏళ్లు వచ్చేలోగా రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 72 శాతమని 2017 నాటి పెద్ద అధ్యయనం చెప్పింది.

కొన్ని మార్పులు ప్రోటీన్‌ను మధ్యలోనే తెంచేస్తాయి. వాటి హాని తేలిగ్గా తెలుస్తుంది. చిక్కంతా జన్యువులో ఒక్క అక్షరం మారి, ఒక అమినో ఆమ్లం స్థానంలో ఇంకొకటి వచ్చి కూర్చునే మార్పులతోనే. అవి వేల సంఖ్యలో ఉంటాయి, చాలావరకు ఏ హానీ చేయవు. ఏది చేస్తుందో ప్రయోగశాలలో ఒక్కొక్కటిగా పరీక్షించాలంటే ఏళ్లు పడుతుంది. అందుకే లెక్కల అవసరం వచ్చింది.

తొలి పునాది మార్గరెట్ డేహాఫ్ వేశారు. 1965లో ఆమె ప్రోటీన్ల వరుసలను సేకరించి అట్లాసుగా అచ్చువేశారు. ఏ అమినో ఆమ్లం దేనిగా ఎంత తరచుగా మారుతుందో 1978 నాటికి పట్టికలు కట్టారు. 1974లో రిచర్డ్ గ్రాంథమ్ రెండు అమినో ఆమ్లాల మధ్య 'దూరాన్ని' వాటి కూర్పు, ధ్రువత, పరిమాణం అనే మూడు లక్షణాలు కలిపి లెక్కగట్టారు. దూరం ఎక్కువైతే హాని ఎక్కువని ఊహ. అయితే మార్పు ప్రోటీన్‌లో ఎక్కడ జరిగిందన్నది ఆ లెక్కలో లేదు.

ఎక్కడ అన్నది ఎంత ముఖ్యమో ఎమ్మిగనూరు నేతగాళ్లకు చెప్పనక్కరలేదు. చీర నడుమ ఒక పేక పోగు తెగితే సర్దుకోవచ్చు. అంచు కుదిరే చోట పడుగు పోగు తెగితే మగ్గం ఆపాల్సిందే. 2001లో సియాటిల్‌లో పాలిన్ ఎంగ్, స్టీవెన్ హెనికాఫ్ రూపొందించిన 'సిఫ్ట్' ఈ తేడాను జీవపరిణామంలో వెతికింది. చేప, కోడి, ఎలుక, మనిషి కోట్ల ఏళ్లు వేరువేరుగా బతికినా ఒక స్థానంలో ఒకే అమినో ఆమ్లం నిలిచి ఉందంటే, అక్కడి మార్పును ప్రకృతి సహించలేదని అర్థం. 2002లో వచ్చిన 'పాలీఫెన్' దీనికి ప్రోటీన్ ఆకృతిని జోడించింది. 2010 నాటి దాని రెండో రూపం 11 లక్షణాలను సంభావ్యత సూత్రంతో కలిపి తీర్పు చెప్పింది. 1948లో ఎముకల కొలతలతో రావుగారు చేసిన ఆలోచనకు ఇది దగ్గరి బంధువు.

క్యాన్సర్‌కు ప్రత్యేకమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. గడ్డలోని కణంలో వేల మార్పులు పేరుకుంటాయి. వాటిలో రోగాన్ని నడిపేవి కొన్నే, మిగిలినవి వెంట వచ్చేవి. ఈ రెంటినీ విడదీయడానికి 2009లో రాచెల్ కార్చిన్ బృందం 'కాజమ్' అనే సాధనాన్ని తయారుచేసింది. ఆ తర్వాత పాత సాధనాల తీర్పులనే కలిపే రోజులొచ్చాయి. 2016 నాటి 'రెవెల్' 13 సాధనాల మాట విని తన మాట చెబుతుంది.

అయినా వైద్యలోకం అంచనాను ఒంటరిగా నమ్మలేదు. 2015లో అమెరికా వైద్య జన్యుశాస్త్ర నిపుణులు మార్పులకు అయిదు తరగతులు పెట్టినప్పుడు కంప్యూటర్ మాటను కేవలం సహాయక సాక్ష్యంగానే ఉంచారు. 2018లో బీఆర్‌సీఏ1లోని దాదాపు 4000 మార్పులను కణాల్లోనే సృష్టించి పరీక్షించడంతో లెక్కలను సరిచూసుకునే గీటురాయి దొరికింది. 2023 సెప్టెంబరులో గూగుల్ డీప్‌మైండ్ 'ఆల్ఫామిస్సెన్స్' మనిషి ప్రోటీన్లలో సాధ్యమైన 7.1 కోట్ల మార్పులను తూచి, 32 శాతం హానికరం కావచ్చని, 57 శాతం కాకపోవచ్చని చెప్పింది. మిగతా వాటిని తేల్చలేదు. సరిగ్గా అంతకు ముందు నెలలోనే సి.ఆర్.రావు 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఈ సాధనాల బలహీనత గణితంలో కన్నా అవి చూసిన మనుషుల్లో ఎక్కువగా ఉంది. జనంలో మామూలుగా కనిపించే మార్పును హాని లేనిదిగా లెక్కవేస్తారు. ఏ జనంలో కనిపించిందన్నదే ప్రశ్న. ప్రపంచ జన్యు భాండాగారాల్లో ఎక్కువ భాగం యూరప్ మూలాలవారిది. 1029 మంది భారతీయుల జన్యుపటాలు చదివిన 'ఇండిజెన్' పథకంలో 5.5 కోట్లకు పైగా మార్పులు దొరికితే, దాదాపు మూడోవంతు అప్పటి ప్రపంచ పట్టికల్లో లేనివే. ఈ పనిలో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి పాలుంది. పెళ్లిళ్లు కులంలోనే జరిగే మన సమాజంలో ఒక పూర్వీకుడి మార్పు ఆ గుంపంతటా పేరుకుపోగలదు. మత్తు ఇచ్చేటప్పుడు వాడే కండరాల సడలింపు మందును శరీరం త్వరగా విరిచేయలేని లోపం వైశ్యుల్లో ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదేనని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 అధ్యయనం వివరించింది. అది క్యాన్సర్ సంగతి కాదు కానీ, చూడని గుంపులో ఏం దాగి ఉంటుందో చెప్పే హెచ్చరిక. 2025 జనవరిలో 'జీనోమ్ ఇండియా' పథకం సుమారు 10,000 మంది సమాచారాన్ని పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. గొప్ప అడుగే, కానీ 140 కోట్ల జనానికి తొలి అడుగు.

ఇది హైదరాబాద్ ప్రయోగశాలలకే పరిమితమైన గొడవ కాదు. ఎమ్మిగనూరు నుంచి కర్నూలుకో, హైదరాబాద్‌కో వెళ్లి జన్యు పరీక్ష చేయించుకున్న స్త్రీ చేతికి 'ప్రాముఖ్యం తేలని మార్పు' అనే నివేదిక రావచ్చు. అది రోగమని కాదు, లేదనీ కాదు. దాన్ని నమ్ముకుని రొమ్ము తీయించుకోవాలన్న నిర్ణయానికి రాకూడదు. ఆ కాగితం పారేయకుండా దాచి, రెండు మూడేళ్లకొకసారి వైద్యుణ్ని మళ్లీ అడగాలి. అలాంటి మార్పుల్లో తర్వాత తేలినవాటిలో చాలా భాగం హాని లేనివిగానే తేలాయి.

అయితే అవి తేలాలంటే ఆమెలాంటి వాళ్ల రక్తం, వాళ్ల కుటుంబ చరిత్ర, వాళ్లు మనసారా ఒప్పుకుని ఇచ్చినప్పుడు, గోప్యత కాపాడుతూ లెక్కలోకి రావాలి. అది ఇచ్చినవాళ్ల భాషలోనే ఫలితం వాళ్లకు తిరిగి చేరాలి. నల్లరేగడి పత్తిని ఎన్నడూ పట్టి చూడని వ్యాపారి ఆదోని యార్డులో సరైన ధర చెప్పలేడు. జెబెల్ మోయా ఎముకలను కూడా ముందు ఒక్కొక్కటిగా కొలిచాకే రావుగారి గణితం మొదలైంది. పశ్చిమ కర్నూలు కుటుంబాల విషయంలో ఆ కొలత ఇంకా మిగిలే ఉంది.